మా కారులో ఎర్రదీపం ఆరదు, అదే మా అదృష్టం!

"ఇవాళ ఈ బండి దారిలో ఆగిపోతుంది, రాసిపెట్టుకోండి!" అన్నాను.

అప్పటికి మా ఆయన కారు తలుపు కూడా తీయలేదు. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో గొడుగు పట్టుకుని తాళంచెవి ఏ జేబులో ఉందో వెతుక్కుంటున్నారు.

"ఇంకా నేను కూర్చోనే లేదే!" అన్నారు.

"కూర్చున్నాక చెప్తే ఏం లాభం? ఆగాక చెప్తే ఏం గొప్ప? ముందే చెప్పాలి!"

చదివేవాళ్లు మీరే చెప్పండి, ఇందులో నా తప్పేముంది? ప్రమాదం జరిగాక అయ్యో అనేవాళ్లు కోటిమంది ఉంటారు. జరగకముందే అయ్యో అనేవాళ్లు ఇంటికొక్కరు కూడా ఉండటం లేదు. మా ఇంటికి నేనున్నాను. అందుకని మా ఇల్లు నన్ను నెత్తిన పెట్టుకోవాలా, వద్దా?

పెట్టుకోవడం లేదు. పైగా మా ఆయన నాకు "ఎర్రదీపం" అని పేరు పెట్టారు. నేను ఆ పేరుని బిరుదులాగా తీసుకున్నాను. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మీ కొత్త కార్లలో దీపాలు పాతికుంటాయట. బెల్టు పెట్టుకోకపోతే ఒకటి, తలుపు సరిగ్గా పడకపోతే ఒకటి, టైర్లో గాలి తగ్గితే ఇంకొకటి. వెలగడమే కాదు, కీచుకీచుమని అరుస్తాయి కూడా! ఫోను అరుస్తుంది, వాషింగ్ మెషీన్ అరుస్తుంది, ఫ్రిజ్ తలుపు ఒక్క నిమిషం తెరిచి ఉంచితే అదీ అరుస్తుంది. మీరేమో "అబ్బా, ఏం నస!" అని బటన్ నొక్కి దాని నోరు మూయిస్తారు.

నస కాదండీ, అది వరం! ఈ రోజుల్లో మీ గురించి అంతసేపు పట్టించుకునే ప్రాణి ఇంకెవరున్నారు? ఫ్రిజ్ తప్ప!

మా కారులో ఇన్ని లేవు. ఒకే ఒక్క దీపం. చిటికెన వేలి గోరంత ఉంటుంది, ఎర్రగా. కార్లలో కరెంటు పుట్టించే డైనమోలు పోయి వాటి స్థానంలో ఆల్టర్నేటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల బండి అది. మా మామగారు కొన్నారు. వయసులో నాకంటే రెండేళ్లు చిన్నది. "నీకంటే తక్కువ మూలుగుతుంది" అని మా ఆయన దాన్ని మెచ్చుకుంటూ ఉంటారు.

ఆ బండిలోనే రోజూ పొద్దున్నే ఆయనా నేనూ మా రిపేరు షెడ్డుకి వెళ్తాం. నడిపేది ఆయన. పక్కన కూర్చుని భయపడేది నేను. ఆ బండికి ఏమైనా కానివ్వండి, నాకేం బెంగ లేదు. నడిపే మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలి. నా భయాలు వంద ఉన్నాయంటారే, ఆ వందకీ వేరు ఇదొక్కటే.

మా ఆయన ఆటో ఎలక్ట్రీషియన్. పాతకార్ల వైరింగులో ఆయన చెయ్యి పడితే తిరుగులేదని పేరు. మా అమ్మాయి కూడా ఆయన దగ్గరే పని నేర్చుకుని షెడ్డులోనే చేస్తోంది. ఇక నేను. నా చదువు ఏడో తరగతి. ఎనిమిదిలో కరెంటు పాఠం తెరిస్తే మొదటి పేజీలోనే పుర్రె బొమ్మ కింద "ప్రమాదం" అని ఉంది. రెండో పేజీ తిప్పలేదు, బడికే వెళ్లలేదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి కరెంటు పని చేసే మనిషికి కట్టబెట్టారు మావాళ్లు. భయపడటం నా తప్పా, వాళ్ల తప్పా?

షెడ్డులో నాకో ఉద్యోగం ఉంది. బండి రాగానే ఒక అట్టముక్కకి దారం కట్టి, వచ్చినవాళ్లు చెప్పిన కంప్లయింటు దాని మీద రాసి, స్టీరింగుకి వేలాడదీయాలి. పై సగం నాది. కింది సగంలో అసలు లోపమేమిటో రిపేరు చేసినవాళ్లు రాస్తారు.

ఒకసారి బడి పంతులుగారు బండి తెచ్చి, "దీపం ఆరడం లేదమ్మా" అన్నారు. నేను అట్ట మీద రాశాను: "దీపం ఆరడం లేదు. మంటలు రావచ్చు. పంతులుగారికి ఇద్దరు పిల్లలు."

ఉన్న నిజమే కదా రాశాను! పంతులుగారు ఆ అట్ట చదువుకుని, బాగుపడిన బండిని కూడా మూడు రోజులు ముట్టుకోకుండా బడికి నడిచి వెళ్లారట. ఆరోగ్యానికి మంచిదే కదా. నాకు కృతజ్ఞత చెప్పాలి ఆయన. చెప్పలేదు.

ఈమధ్య మా ఆయన చేసిన బండ్లకి కూడా కింది సగం మా అమ్మాయే రాస్తోంది. "నీ కోడిగీతల కింద రాయాలంటే ముందు అవి చదవాలి, నా కళ్లు పోతాయి. దాన్నే రాయనీ" అన్నారు మా ఆయన. పోనీలే, పిల్లకి అలవాటవుతుందని ఊరుకున్నాను.

సరే, దీపం సంగతికి వస్తాను. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. అంతే దాని బతుకు. ఎలా ఆరుతుందో మా ఆయన నాకు పెళ్లయిన కొత్తలో వివరించారు. కొత్త కదా, అప్పుడు వివరించేవారు.

దీపానికి రెండు కొసలు. ఒక కొస బ్యాటరీ పట్టుకుంటుంది. రెండో కొస బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పట్టుకుంటుంది. ఇద్దరూ సమానంగా గుంజితే మధ్యలో కరెంటు పారదు, దీపం ఆరిపోతుంది. నాకు వెంటనే అర్థమైంది. అటు తల్లి, ఇటు పెళ్లాం ఇద్దరూ సమానంగా గుంజితే మధ్యలో మగాడు చల్లగా ఉంటాడు. ఒకరు చెయ్యి వదిలారో, వాడి మొహం ఎర్రబడుతుంది! ఈ మాట అంటే మా అత్తగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. సైన్సు చెప్తే ఎవరికీ నచ్చదు.

ఈ దీపానికి వచ్చే రోగాలు నాలుగని ఇన్నేళ్లుగా అట్టలు రాసి రాసి నేనే తేల్చాను.

తాళం తిప్పినా వెలగకపోవడం ఒకటోది. బల్బు మాడిపోయి ఉంటుంది, లేదా వైరు తెగి ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఈ రోగం వచ్చినవాళ్లు ఎవరూ షెడ్డుకి రారు. వెలగలేదు కదా, హాయి! ఇంట్లో పెళ్లాం నాలుగు రోజులు నోరెత్తకపోతే "మారిపోయింది" అని సంబరపడే మొగుళ్ల జాతి ఇది.

వెలిగింది ఆరకపోవడం రెండోది. ఫ్యాన్ బెల్టు తెగిందేమో, ఆల్టర్నేటర్ లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగాయేమో, మొత్తానికి చార్జింగ్ లేదని దాని గోల. పాల వ్యాను అతను ఈ రోగంతో మూడు వారాలు తిరిగాడు. అడిగితే "ఎర్రగా బాగుందమ్మా, డెకరేషన్ అనుకున్నా" అన్నాడు. పాలు విరిగిపోతే తెలిసొచ్చేది!

మూడోది పాత డైనమో బండ్లలో వస్తుంది. బండి ఆపి, తాళం తీసి, మనిషి ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. కటౌట్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో పాయింట్లు అంటుకుపోతాయి. బ్యాటరీలో ఉన్నదంతా వెనక్కి డైనమోలోకి కారిపోతుంది. అందరూ ఊరుకున్నా ఊరుకోని దీపం. "ఇది అచ్చం నీ కేసే" అంటుంది మా అమ్మాయి. అననివ్వండి, కన్నకూతురు.

నాలుగోది ఉంది చూశారూ, అదే అన్నిటికంటే చెడ్డది. దీపం వెలగదు, ఆరదు. మసగ్గా మినుకుమంటూ ఉంటుంది. ఎండలో చూస్తే ఏమీ ఉండదు. చీకట్లోకి వెళ్తేనో, అరచెయ్యి అడ్డం పెడితేనో కనపడుతుంది. ఎక్కడో కనెక్షన్ వదులైందని అర్థం. పూర్తిగా చెడిపోయినదాన్ని బాగుచేయొచ్చు. సగం చెడిపోయినదాన్ని, చెడిపోయిందని ముందు నమ్మించాలి కదా!

ఈ నాలుగోదే మా బండికి పట్టుకుంది.

మా దారిలో రైలు కట్ట కిందనుంచి వెళ్లే దారి ఒకటుంది. పట్టపగలు కూడా చీకటిగానే ఉంటుంది. మూడు నెలల కిందట ఒక పొద్దున ఆ కట్ట కింద దూరగానే చూశాను. డ్యాష్‌బోర్డు మూల, ఆరిపోబోయే నిప్పురవ్వలా ఎర్రగా...

"ఏవండీ, దీపం వెలుగుతోంది!"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, ఉన్నదే ఒక్కటి!"

ఆయన దాని వైపు చూశారు. "లేదే. ఎండ పడి అలా అనిపిస్తోంది" అన్నారు.

"కట్ట కింద ఎండెక్కడిదండీ!"

ఆయన హారన్ కొట్టడం మొదలుపెట్టారు. ఆ కట్ట కింద పొడుగునా హారనే! ఎదురుగా పిల్లి కూడా లేదు. నా గొంతు వినపడకుండా చేయడానికే అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను "వెలుగుతోంది" అంటాను, ఆయన హారన్ కొడతారు. కట్ట కింద పుచ్చకాయలు అమ్ముకునే ఆవిడ మమ్మల్ని చూసి టైము చెప్పడం నేర్చుకుంది.

అమ్మాయికి చెప్పాను.

"నాన్న చూశాడా?" అంది, ఏదో డైనమో విప్పుతూ.

"చూశారు. లేదన్నారు."

"మరింకేం? వైరులో వెంట్రుకంత చీలిక ఉంటే కనిపెట్టే మనిషి నాన్న. ఆయనకి కనపడనిది నీకు కనపడిందా?"

న్యాయమైన ప్రశ్నే! ముప్పై ఏళ్ల పనివాడి కన్ను ఒక పక్క, ఏడో తరగతి కన్ను ఒక పక్క. తక్కెడ ఎటు మొగ్గుతుంది? అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. దీపం సరే, నా కళ్లకే ఏదో అయింది! లేనిపోని ఎర్రచుక్కలు కనపడుతున్నాయంటే ఇక అది ఎంతదూరం వెళ్తుందో! ఆ వారం రోజులూ కళ్లు మూసుకుని ఇంట్లో తిరగడం ప్రాక్టీసు చేశాను. రెండుసార్లు తలుపు గుద్దుకున్నాను, ఒకసారి మా ఆయన్ని.

చివరికి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. తీసుకెళ్లింది మా ఆయనే. "లోపలికి రండి, మీరూ ఒకసారి చూపించుకోండి, ఎలాగూ వచ్చాం కదా" అన్నాను. "నాకెందుకే, రోగం నీది" అని బయట బెంచీ మీదే కూర్చున్నారు.

డాక్టరు గోడ మీద అక్షరాలన్నీ చదివించాడు. చివరి వరుస చీమలంత ఉంది, అదీ చదివాను. దాని కింద అచ్చుకొట్టిన ప్రెస్సు పేరు కూడా చదివాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, ఇవి కళ్లు కావు, భూతద్దాలు. ఇంటికెళ్లి హాయిగా ఉండండి" అన్నాడు.

హాయిగా ఉండటం నాకెక్కడ వచ్చు? కళ్లు బాగున్నాయంటే దీపం నిజమన్నమాట. దీపం నిజమంటే లోపం నిజమన్నమాట. మర్నాటినుంచి రెట్టింపు చేశాను. ఊరికే "వెలుగుతోంది" అని వదిలేయలేదు. "ఇదిగో చూడండి, చెయ్యి అడ్డం పెట్టాను, ఇప్పుడు చెప్పండి, ఉందా లేదా? ఎంత ఉంది? నిన్నటికంటే ఎక్కువా తక్కువా?" అని పరీక్ష పెట్టడం మొదలుపెట్టాను. చెవిలో జోరీగ అంటారే, నేను కాలర్లో జోరీగని.

ఫలితం వచ్చిందా, లేదా? వచ్చింది! ఒక పొద్దున తాళం తిప్పితే దీపం అసలు వెలగనే లేదు.

"బాగుచేశాను. ఇక నీ గోల ఉండదు" అన్నారు మా ఆయన.

"తాళం తిప్పగానే వెలగాలి కదండీ? వెలగకపోతే ఒకటో నంబరు రోగం కదా?"

"పాఠం నాకు చెప్తున్నావా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? ఊరుకున్నాను. నాలుగు రోజులు ఊరుకున్నాను! మా వంశంలో ఇది రికార్డు. ఆ నాలుగు రోజుల్లో చూడటానికి దీపం లేక, రైలు కట్ట కూలుతుందేమోనని, పుచ్చకాయలావిడ కాయలు దొర్లి టైర్ల కింద పడతాయేమోనని చిల్లర మల్లర భయాలతో కాలక్షేపం చేశాను. మంచి భయానికి అలవాటుపడ్డ ప్రాణానికి ఇవేం ఆనతాయి చెప్పండి?

నాలుగో రోజే నేను మొదట చెప్పిన ఆ పొద్దున. ఆకాశం ముసురుపట్టి ఉంది. ఆ ముసురు చూసే "ఇవాళ బండి ఆగిపోతుంది" అన్నాను. తాళంచెవి దొరికింది. బయల్దేరాం. సగం దారిలో వాన దంచింది. వైపర్లు వేశారు, లైట్లు వేశారు. కట్ట కింద దూరేసరికి లైట్లు పచ్చబడ్డాయి. వైపర్లు ముసలమ్మ నడకలా ఒక్కో అడుగూ వేశాయి. కట్ట దాటి, ఎత్తు ఎక్కబోతూ, బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

నిజం చెప్పనా? నాకు సంతోషం వేసింది. ముప్పై ఏళ్లుగా నేను చెప్పినవాటిలో మొదటిసారి ఒకటి జరిగింది! పైకి మాత్రం "అయ్యో" అన్నాను.

వెనక బస్సు. బస్సు వెనక లారీ. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, లోపల దీపం చూసుకోవా?" అని అరిచాడు. అపరిచితుడు కూడా నా పక్షమే! నలుగురు దిగి బండిని ఓ పక్కకి నెట్టారు. అయినా ముందు ట్రాఫిక్ జామై బస్సూ లారీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మా ఆయన దిగి వానలో నిలబడ్డారు. నేను అమ్మాయికి ఫోన్ చేశాను.

అది స్కూటర్ మీద వచ్చింది, కాళ్ల మధ్య చార్జి చేసిన బ్యాటరీ పెట్టుకుని. వచ్చీ రాగానే బానెట్ ఎత్తింది. బెల్టు నొక్కి చూసింది, బిగువుగానే ఉంది. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టి సెల్ఫ్ కొట్టింది. ఇంజను లేచింది. రెండు వైర్ల టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి మొహం చిట్లించింది.

"చార్జింగే లేదు నాన్నా. ఆల్టర్నేటర్ తిరుగుతోంది గాని నిద్రలేవడం లేదు."

ఇంజను ఆపి లోపలికొచ్చి, డ్యాష్‌బోర్డు కిందకి చెయ్యి దూర్చి, దీపం హోల్డరు బయటకి లాగింది. ఖాళీ. బొక్క ఉంది, బల్బు లేదు.

"నాన్నా, ఇందులో బల్బేది?"

మా ఆయన వాన వైపు చూశారు. వాన ఏం చెప్తుంది? ఆఖరికి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక కాగితం ఉండ తీశారు. అందులో చుట్టి ఉంది బల్బు, మందుబిళ్లలా.

అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మ నోరు పడలేక పీకేశావా?"

"మరేం చెయ్యను? చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నారాయన. నెట్టడానికి దిగినవాళ్లు కూడా నవ్వారు. బస్సు డ్రైవరు ఇంకా గట్టిగా నవ్వాడు. పక్షం మార్చేశాడు చూశారా!

నేను నవ్వలేదు. నవ్వకపోయినా, ఆ తర్వాత అమ్మాయి అన్న మాటకి నా ఛాతీ మాత్రం పొంగింది. ఇది జాగ్రత్తగా చదవండి.

"నువ్వే కదా నాన్నా నాకు నేర్పించావు! ఈ రకం బండిలో దీపం తీసేస్తే చార్జింగే కాదని. తాళం తిప్పగానే ఆ బల్బులోంచి చిటికెడు కరెంటు వెళ్లి ఆల్టర్నేటర్‌ని లేపాలి. ఆ తర్వాతే అది సొంతంగా పుట్టించుకుంటుందని."

విన్నారా? ఎర్రదీపం ఊరికే చెడు చెప్పి భయపెట్టే ప్రాణి కాదు! బండిని నిద్రలేపేది అదే! దాని నస కొంచెం లోపలికి వెళ్తేనే అక్కడ ఏదైనా పుడుతుంది. సతాయిస్తోందని దాన్ని పీకి జేబులో పెట్టుకున్నారో, ఇదిగో, నడివానలో పుచ్చకాయలావిడ ముందు నిలబడాలి! ఈ వ్యాసం ఇక్కడ ఆపేస్తే నేనే గెలిచినట్టు. శీర్షికకి న్యాయం కూడా జరుగుతుంది.

ఆపేద్దామనే అనుకున్నాను. కాని అదే మాట నన్ను గుచ్చింది. కూతురికి ఈ పాఠం చెప్పిన మనిషి, పెళ్లాం నోటికి జడిసి ఆ బల్బే పీకుతాడా? బ్యాటరీ నాలుగు రోజులకి మించి ఉండదని ఆయనకి తెలియదా? నా మీద కోపముంటే నన్ను వెనక సీట్లో కూర్చోమనొచ్చు కదా, బస్సులో రమ్మనొచ్చు కదా!

అమ్మాయి బల్బు పెట్టింది. తాళం తిప్పింది. ఎర్రగా వెలిగింది. సెల్ఫ్ కొట్టింది. దీపం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"అమ్మా! నిజంగానే మసగ్గా వెలుగుతోంది! నాన్నా, ఇటొచ్చి చూడు."

ఆయన బానెట్ దించి ఇటు తిరిగి వచ్చేలోపు అమ్మాయి ఖాళీగా ఉండలేదు. తాళం వెనక వేలు పెట్టి తడిమి, వదులైన వైరు ఒకటి దొరికితే గట్టిగా నొక్కింది. దీపం ఠక్కున ఆరిపోయింది. పూర్తిగా. చెయ్యి అడ్డం పెట్టినా ఏమీ లేదు, మసి పూసిన గాజుముక్కలా నల్లగా ఉంది.

అప్పుడు వచ్చారు మా ఆయన. తలుపులోంచి వంగి, మేం పెట్టినట్టే అరచెయ్యి అడ్డం పెట్టి, కాసేపు శ్రద్ధగా చూశారు.

"అవునే. మసగ్గా వెలుగుతోంది. మీ అమ్మ చెప్పింది నిజమే."

మీ అమ్మ చెప్పింది నిజమే! ఈ నాలుగు మాటల కోసం ముప్పై ఏళ్లు కాచుకుని కూర్చున్నానండీ నేను. వస్తే ఊరంతా చాటింపు వేయిద్దామనుకున్నాను. వచ్చింది. దీపం ఆరిపోయి ఉంది.

అమ్మాయి నోరు తెరవబోయింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను. అది నా మొహం చూసింది, తర్వాత నాన్న మొహం చూసింది. ఆయన ఇంకా అలాగే వంగి ఉన్నారు, లేని వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టి.

నేను ఏమేం భయాలు పడ్డానో తెలుసా మీకు? నిప్పుకి భయపడ్డాను, నీటికి భయపడ్డాను, పిడుగుకి, పాత వంతెనకి, తెలియని నంబరు నుంచి వచ్చే ఫోనుకి, రెండుసార్లు తుమ్మిన పిల్లకి. అన్నిటికీ భయపడి, ఆయన రెండు కళ్లకి భయపడటం మర్చిపోయాను. ఆ కళ్లు బెంచీ మీద బయట కూర్చుంటే, చీమలంత అక్షరాలు చదివే నా కళ్లని తీసుకెళ్లి డాక్టరుకి చూపించుకొచ్చాను. కట్ట కింద ఆయన హారన్ కొట్టింది నా నోరు వినపడకుండా కాదు. ఎదురుగా ఎవరైనా ఉంటే వాళ్లే తప్పుకుంటారని. బల్బు పీకింది నా నోటికి జడిసి కాదు, ఉందా లేదా అని నేను రోజూ పెట్టే పరీక్షకి జడిసి.

ఇన్ని పేజీలు దీపాన్ని పొగిడాను కదా, ఇప్పుడు అసలు కంప్లయింటు రాస్తాను. ఇది ఆయన మీద కాదు. మా ఇంట్లో భయపడే ఉద్యోగం మొత్తం నేనే చేస్తున్నాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా, సెలవు లేకుండా, ఇంకెవరికీ ఖాళీ ఇవ్వకుండా. ఒక్క మనిషే అన్ని భయాలూ నోటితో పడుతుంటే, రెండో మనిషి తన ఒక్క భయం ఎక్కడ పెట్టుకోవాలి? కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. పెట్టుకుని, "నాకేం భయం" అని బండి నడుపుతాడు.

"మీరిటు కూర్చోండి. వానలో తడుస్తున్నారు" అంటూ నేను వెనక సీట్లోకి మారాను. అమ్మాయి స్టీరింగు ముందు ఉంది. ఆయన వెనక సీట్లోకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. తాళంచెవి నాకివ్వు అని అమ్మాయిని అడగలేదు. అదీ గమనించాను.

నాకు మామూలు గొంతు ఒకటి ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకే తెలియదు. ఆ గొంతుతో అడిగాను.

"ఏవండీ, మీకు ఎప్పట్నుంచి కనపడటం లేదు?"

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అమ్మాయి అద్దంలోకి కూడా చూడకుండా ఎదురుగా రోడ్డునే చూస్తోంది. బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. లారీ వెళ్లిపోయింది. బల్బు చుట్టిన కాగితం ఆయన చేతిలోనే ఉంది. దాన్ని సగానికి మడిచారు. ఆ సగాన్ని మళ్లీ సగానికి మడిచారు. మామూలుగా అయితే ఇంత సేపట్లో నేను పదకొండు ఉపద్రవాలు చెప్పి ఉందును. ఒక్కటీ చెప్పలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

కాగితం ఇంక మడవడానికి లేకుండా చిన్నదైపోయాక ఆయన అన్నారు.

"దీపం కనపడక ఆర్నెల్లయింది. వారం నుంచి పట్టపగలు దారి కూడా సరిగ్గా ఆనడం లేదు. నాకు భయంగా ఉందే."